పడవ వంకర దిద్దే రేకులు
(ట్రిమ్ ట్యాబుల పాఠం)



లక్నవరం పిక్నిక్‌కు వెళ్ళొచ్చిన పిల్లలను "ఏం చూశారు?" అని అడిగితే మొదట వేలాడే వంతెన అంటారు, తర్వాత స్పీడు బోటు అంటారు. ఒక తమ్ముడు నాతో, "బోటు కదలంగనే ముందటి భాగం లేచి ఆకాశం కనబడ్డదన్నా, జర సేపటికి మళ్ళ దిగింది. ఎందుకట్ల?" అన్నాడు. ఆ ప్రశ్న విని నాకు చాలా సంతోషం వేసింది. ఎందుకు లేచింది, ఎందుకు దిగింది, దిగకపోతే ఏం చేయాలి, ఒక పక్కకు ఒరిగితే ఏం చేయాలి అన్నవే నేను కొన్నేళ్ళు కూలి తీసుకుని చేసిన పని. అదే ఇక్కడ పాఠంగా రాస్తున్నాను.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 వరకు ఒకే వరంగల్ జిల్లాలో ఉండేవి. కాని నీళ్ళ విషయంలో మూడూ మూడు రకాలు. భూపాలపల్లి వైపు పిల్లలకు కాళేశ్వరం దగ్గర ప్రాణహిత కలిసే గోదావరి తెలుసు, గణపురం చెరువు తెలుసు. మహబూబాబాద్ వైపు వాళ్ళకు బయ్యారం పెద్ద చెరువు తెలుసు. మా జనగామ వైపు వాళ్ళకు తెలిసింది ఎండిన బావి, ఆగి ఆగి పోసే బోరు. నేను ఐటీఐ చేసి గల్ఫ్‌లో ఒక బోట్ల వర్క్‌షాపులో హెల్పరుగా చేరేనాటికి పడవ ఎక్కలేదు, ఈత రాదు. కాబట్టి నీళ్ళు తెలియనివాళ్ళకు కూడా అర్థమయ్యేటట్టే చెబుతాను.

ముందు నాలుగు మాటలు

పడవ ముందు భాగాన్ని మన తెలుగులో అణియం అంటారు, వెనుక భాగాన్ని అమరం అంటారు. చిన్న మోటారు పడవకు అమరంలో నిలువుగా ఒక బలమైన పలక ఉంటుంది. ఇంజను దానికే వేలాడుతుంది. దాని పేరు ట్రాన్సమ్. పడవ అడుగుభాగం పక్కగోడతో కలిసే మూలను చైన్ అంటారు. ఇది గొలుసు కాదు, ఆ మూల పేరే అది. ఈ నాలుగు మాటలు చాలు.

ముక్కు ఎందుకు లేస్తుంది?

నిలిచిన పడవ సంగతి మీకు తెలుసు. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం పడవ తన బరువుకు సమానమైన బరువు గల నీటిని పక్కకు నెడుతుంది. మనుషులతో కలిపి 900 కిలోలుండే పడవ 900 లీటర్ల నీటిని తొలగించి తేలుతుంది.

మెల్లగా కదిలే పడవ ముందు ఒక అలను లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవు పెరుగుతుంది. ఒక దశలో అల పొడవు, పడవ పొడవు సమానమవుతాయి. అప్పుడు అణియం ఒక అల నెత్తి మీద, అమరం తర్వాతి అల నెత్తి మీద ఉంటాయి; ఇది దాటితే అమరం పల్లంలో పడుతుంది. ఈ వేగానికి ఒక లెక్క ఉంది. నీటిని తాకే పడవ పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వేగం నాట్‌లలో వస్తుంది. 16 అడుగుల పడవకు వర్గమూలం 4, కాబట్టి 5.36 నాట్‌లు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. అంటే దాదాపు 10 కిలోమీటర్ల వేగం.

అంతకంటే వేగంగా పోవాలంటే పడవ తన అలనే తాను ఎక్కాలి. ఇంజను, పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ, వెనుక సీటు మనుషులు, ఇలా ఎక్కువ బరువంతా అమరంలోనే ఉంటుంది కనుక వెనుక కుంగుతుంది, ముక్కు లేస్తుంది. ఎడ్లబండికి వెనుక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల మెడకు పలుపు బిగుసుకోవడం చూశారు కదా, అదే ఇది.

ఇంజనుకు సత్తా ఉండి వేగం ఇంకా పెరిగితే నీరు అడుగుభాగాన్ని కింది నుంచి బలంగా తన్ని, పడవను పైకెత్తుతుంది. అప్పుడు పడవ నీటిని చీల్చుకుపోవడం మానేసి నీటి మీద జారుతుంది. దీన్ని ప్లేనింగ్ అంటారు. చెరువులోకి చిల్లపెంకు పక్కవాటుగా విసిరితే కప్పగంతులు వేస్తూ పోతుంది. పెంకు తేలే వస్తువు కాదు, అయినా వేగం ఉన్నంతసేపు మునగదు. వేగం పోగానే మునుగుతుంది. ఈ చివరి వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, పాఠం చివర్లో దానితో పని ఉంది.

ముక్కు లేచే దశ తొందరగా దాటకపోతే మూడు నష్టాలు. నడిపేవాడికి ముందు ఏముందో కనిపించదు. పెట్రోలు ఎక్కువ కాలుతుంది. ఎదురు అలల మీద అడుగుభాగం దబదబ పడి, కూర్చున్నవాళ్ళ నడుములు అదిరిపోతాయి.

రేకు చేసే పని

కాడి లేచినప్పుడు బండివాడు ఏం చేస్తాడు? నాలుగు మూటలు ముందుకు జరుపుతాడు, లేదా తానే నొగల వైపు జరిగి కూర్చుంటాడు. పడవలో కూడా మొదటి మందు అదే. అప్పటికీ చాలనప్పుడు ట్రిమ్ ట్యాబులు వాడతారు.

ట్రిమ్ ట్యాబ్ అంటే ట్రాన్సమ్ కింది అంచున, నీటి మట్టానికి దిగువన, ఎడమ ఒకటి కుడి ఒకటి కీలుతో బిగించే స్టెయిన్‌లెస్ స్టీలు రేకు. తలుపు కీలు మీద తిరిగినట్టు ఇది కిందికీ పైకీ కదులుతుంది. దాన్ని కదిలించడానికి ఒక దండం ఉంటుంది. కొన్నిట్లో ఆ దండాన్ని నూనె పంపు తోస్తుంది, కొన్నిట్లో కరెంటు మోటారు మర తిప్పి తోస్తుంది. స్టీరింగు దగ్గర బటన్లుంటాయి.

రేకు అంచు కిందికి దిగితే వెనక్కి పారే నీరు దానికి తగిలి కిందికి మళ్ళుతుంది. రేకు నీటిని కిందికి నెడితే నీరు రేకును పైకి నెడుతుంది. ఇది న్యూటన్ మూడవ గమన నియమం. రేకు పైకి పోతే అమరం లేస్తుంది, అమరం లేస్తే అణియం దిగుతుంది. విమానం తోక రెక్కల చివర కూడా ఇలాంటి చిన్న ముక్కలే ఉంటాయి, వాటి పేరు కూడా ట్రిమ్ ట్యాబే.

"ఇంజనునే వంచి ముక్కు దించవచ్చు కదా?" అని అడగవచ్చు. చాలా ఇంజన్లకు ఆ వీలుంది. కాని ఒకే ఇంజనుతో ముందూ వెనుకా సరిచేయగలం గాని, కుడి ఎడమల ఒరుగు సరిచేయలేం. రెండు రేకులను వేరువేరుగా కదపవచ్చు కనుక ఒరుగు కూడా దిద్దవచ్చు. వాటి గొప్ప అక్కడే ఉంది.

ఒక లెక్క చేద్దాం

ఒక్కో రేకు 30 సెంటీమీటర్ల వెడల్పు, 23 సెంటీమీటర్ల పొడవు ఉందనుకోండి. అంగుళాల్లో 12, 9. దాన్ని 5 డిగ్రీలు దించాం. 5 డిగ్రీలంటే రేకు వెనుక అంచు కేవలం 2 సెంటీమీటర్లు దిగడం. జారే పడవల మీద సావిట్‌స్కీ, బ్రౌన్ అనే ఇంజనీర్లు 1976లో ఇచ్చిన సూత్రంతో లెక్క వేస్తే రెండు రేకులూ కలిసి ఇచ్చే పైకెత్తే బలం సుమారుగా ఇలా వస్తుంది.

గంటకు 36 కి.మీ. వేగంలో: 160 కిలోల బరువెత్తేంత
గంటకు 18 కి.మీ. వేగంలో: 40 కిలోలు
గంటకు 9 కి.మీ. వేగంలో: 10 కిలోలు
నిలిచినప్పుడు: సున్నా

వేగం సగమైతే బలం సగం కాలేదు, నాలుగో వంతు అయింది. బలం వేగం యొక్క వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని పరీక్షలో రాస్తాం కదా, దాని అర్థం ఇదే.

ఇప్పుడు బలభ్రామకం చూద్దాం. 80 కిలోల మనిషి పడవ మధ్యగీతకు 0.6 మీటర్ల ఎడంగా ఎడమ పక్క కూర్చున్నాడు. 80 × 0.6 = 48. ఆ మేరకు పడవ ఎడమకు ఒరుగుతుంది. ఎడమ రేకు ఒక్కటే 5 డిగ్రీలు దించాం. 36 కి.మీ. వేగంలో ఒక్క రేకు బలం 80 కిలోలు, అదీ మధ్యగీతకు 0.6 మీటర్ల దూరంలోనే ఉంది. 80 × 0.6 = 48. రెండూ సరిపోయాయి, పడవ నిటారైంది.

అంటే ఆ వేగంలో ఆ రేకు, కుడి పక్కన కనిపించని 80 కిలోల మనిషిని కూర్చోబెట్టినంత పని చేసింది. వేగం 18కి తగ్గితే ఆ మనిషి 20 కిలోల పిల్లవాడవుతాడు. పడవ ఆగితే అతను దిగిపోతాడు. ఎడమ పక్కన కూర్చున్న అసలు మనిషి మాత్రం అక్కడే ఉంటాడు.

ఎడమ బటన్, కుడి రేకు

కొత్తవాళ్ళు తప్పకుండా తికమకపడే చోటు ఇది. బటన్లకు రేకుల పేర్లుండవు, ముక్కు పేర్లుంటాయి. ఎడమ బటన్ ముందు భాగం నొక్కితే "ఎడమ ముక్కు దించు" అని అర్థం. అప్పుడు దిగేది కుడి రేకు.

ఎందుకంటే కుడి రేకు దిగితే పడవ కుడి వెనుక మూల లేస్తుంది. నులక మంచానికి ఒక కోడు కింద ఇటుక పెట్టి చూడండి. ఆ మూల లేస్తుంది, దానికి ఎదురు మూల కుంగుతుంది. కుడి వెనుక మూలకు ఎదురుగా ఉండేది ఎడమ ముందు మూల. నడిపేవాడికి వెనుక రేకులు కనబడవు, ముందున్న ముక్కే కనబడుతుంది. కాబట్టి ఏ వైపు ముక్కు ఎత్తుగా ఉందో ఆ వైపు బటన్ నొక్కితే సరిపోయేటట్టు తీగలను అడ్డంగా కలుపుతారు.

ఇది తెలియని హెల్పరు "ఎడమది ఎడమకు, కుడిది కుడికి" అని కలిపేస్తాడు. మొదట్లో నేనూ అట్లే కలిపాను. అలా చేస్తే నడిపేవాడు ఒరుగు సరిచేయాలని నొక్కిన కొద్దీ పడవ ఇంకా ఒరుగుతుంది. అదృష్టం కొద్దీ ఒడ్డు మీద పరీక్షలోనే మా ఫోర్‌మన్ పట్టుకున్నాడు. అందుకే నీళ్ళలోకి దించకముందే ఒకరు బటన్ నొక్కుతుంటే మరొకరు వెనుక నిలబడి ఏ రేకు కదిలిందో గట్టిగా చెప్పాలి. రేకు కీలు మధ్య వేలు పెట్టకూడదు.

బిగించే ముందు

1. పడవను నిలిచిన నీటిలో ఖాళీగా ఒకసారి, మనుషులతో ఒకసారి చూడాలి. నిలిచి ఉండగానే ఒరిగితే అది బరువు తప్పు. బ్యాటరీ, ట్యాంకు, లంగరు, సామాను పెట్టె జరిపి ముందు దాన్ని సరిచేయాలి. అడుగున నీరు చేరిందేమో కూడా చూడాలి.

2. ట్రాన్సమ్ గట్టిగా ఉందో లేదో చూడాలి. చాలా పాత ఫైబరు పడవల్లో ట్రాన్సమ్ లోపల చెక్క ఉంటుంది. స్క్రూడ్రైవరు పిడితో తట్టుకుంటూ పోవాలి. కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టే. ఖణేల్‌మంటే మంచిది, బొద్దుగా మెత్తటి చప్పుడు వస్తే లోపల చెక్క పుచ్చింది. అక్కడ స్క్రూ నిలవదు. ముందు దాన్ని బాగుచేయాలి.

3. రేకు కొలత ఎంచుకోవాలి. పడవ ఎన్ని అడుగులుంటే ఒక్కో రేకు వెడల్పు దాదాపు అన్ని అంగుళాలు అన్నది పనివాళ్ళ మోటు లెక్క. చిన్న పడవకు ఇంజను పక్కన చోటు చాలకపోతే అంతకు తక్కువే పెడతారు.

బిగించే క్రమం

1. చోటు గుర్తు పెట్టడం. రేకు బయటి అంచు చైన్ నుంచి 3, 4 అంగుళాలు లోపలికి ఉండాలి. మరీ అంచున ఉంటే మలుపు తిరిగేటప్పుడు అది తగిలి పడవను లాగుతుంది. లోపలి అంచు ఇంజను పంకాకు దూరంగా, కనీసం 8 అంగుళాలు విడిచి ఉండాలి. దగ్గరైతే చెదిరిన నీరు పంకాకు పోయి పట్టు తప్పుతుంది. రెండు వైపులా కొలత సమానంగా ఉండాలి.

2. ఎత్తు చూసుకోవడం. కీలు పలకను ట్రాన్సమ్ కింది అంచు నుంచి పావు అంగుళం పైన పెట్టాలి. కిందికి పొడుచుకు వస్తే రేకు పైకెత్తినా నీటికి అడ్డం తగులుతూనే ఉంటుంది. కొన్ని కంపెనీల కొలత కొద్దిగా వేరుగా ఉంటుంది. పెట్టెలో వచ్చిన కాగితం చదవకుండా డ్రిల్లు పట్టకూడదు.

3. రంధ్రాలు వేయడం. గుర్తు మీద కాగితపు టేపు అంటించాలి. డ్రిల్లు బిట్టుకు ఎంత లోతు కావాలో అక్కడ ఒక టేపు చుట్టాలి, ఆ టేపు ఫైబరును తాకగానే ఆపాలి. పైనున్న నున్నటి పూత పెళుసుగా ఉంటుంది. రంధ్రం మూతిని కొంచెం వెడల్పు చేయకపోతే స్క్రూ బిగించేటప్పుడు పూత నక్షత్రంలా పగులుతుంది.

4. సీలెంటు నింపడం. ప్రతి రంధ్రంలోనూ, ప్రతి స్క్రూ మీదా, పలక వెనుకా పడవలకు వాడే సీలెంటు పూయాలి. బాత్‌రూం సీలెంటు పనికిరాదు. ఇవన్నీ నీటి మట్టానికి కింద ఉండే రంధ్రాలు. ఒక్క రంధ్రం ఖాళీగా ఉన్నా నీరు చెక్కలోకి చేరుతుంది, ఏళ్ళు గడిచాక ట్రాన్సమ్ పుచ్చుతుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్‌వే వాడాలి.

5. దండం బిగించడం. దండాన్ని పూర్తిగా లోపలికి ముడిచి రేకుకు తగిలించాలి. పడవ అడుగుకు ఒక నిలువు స్కేలు ఆనించి వెనక్కి పట్టుకుంటే, రేకు వెనుక అంచు ఆ స్కేలు గీతకు కొద్దిగా పైన ఉండాలి. అలా పట్టుకునే దండం పై కొనకు గుర్తు పెట్టి ట్రాన్సమ్‌కు బిగించాలి. ఇక్కడ తప్పితే "పూర్తిగా ఎత్తాను" అనుకున్నప్పుడు కూడా రేకు సగం దిగే ఉంటుంది.

6. తీగలు లాగడం. తీగ లోపలికి పోయే రంధ్రం వీలైనంత పైన, నీటి మట్టానికి ఎగువన ఉండాలి. లోపలికి పోయేముందు తీగను కిందికి ఒక వంపు తిప్పితే నీటి చుక్కలు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. బ్యాటరీ దగ్గర ఫ్యూజు తప్పనిసరి. పెట్రోలున్న పడవలో తీగ కాలితే పరుగెత్తడానికి చోటుండదు.

7. సీలెంటు ఆరేదాకా ఆగి, పైన చెప్పిన బటన్ల పరీక్ష ఒడ్డు మీదే చేసి, అప్పుడు నీటిలోకి దించాలి.

నీటి మీద వాడకం

కదలబోయేముందు రెండు రేకులూ పైకెత్తాలి. వేగం ఎక్కించేటప్పుడు రెండూ కొద్దిగా దించితే ముక్కు లేచే దశ తొందరగా దాటుతుంది. జారడం మొదలయ్యాక మెల్లగా ఎత్తేయాలి. బటన్‌ను పట్టుకుని నొక్కకూడదు. ఒకసారి తాకి, పడవ ఏమంటుందో రెండు మూడు సెకన్లు చూసి, మళ్ళీ తాకాలి. కూరలో ఉప్పు వేసినట్టు.

రేకులు ఎక్కువ దించితే ముక్కు నీటిలో గుచ్చుకుని పడవ ఉన్నట్టుండి పక్కకు తిరగబోతుంది. అలలు వెనుక నుంచి తరుముతుంటే రేకులు పూర్తిగా ఎత్తి ఉంచాలి. వెనక్కి నడిపేటప్పుడు కూడా అంతే, దించి ఉంటే నీరు రేకును వెనుక నుంచి పట్టుకుని వంచేస్తుంది.

రేకు చేయలేని పని

ఇంతవరకు చెప్పింది పని. ఇప్పుడు ఆ పనిలో నేను చేసిన తప్పు చెబుతాను.

ఒక 18 అడుగుల పడవ వచ్చింది. "కుడికి ఒరుగుతోంది, రేకులు వేయండి" అన్నారు. ముందు బరువు చూడాలని నాకు అప్పటికే నేర్పారు. కాని ఆ సాయంత్రానికి పడవ ఇచ్చేయాలని తొందర. రెండు బ్యాటరీలు, ఐసు పెట్టె, అదనపు పెట్రోలు డబ్బా అన్నీ కుడి పక్కనే ఉన్నాయి. చూసి కూడా జరపలేదు. రేకులు వేసుకోవడానికే వచ్చింది కదా, రేకులే చూసుకుంటాయి అనుకున్నాను.

ముగ్గురం నీటి మీదికి వెళ్ళాం. వేగం అందుకోగానే పడవ కుడికి ఒరిగింది. బటన్ నొక్కాం, కుడి రేకు దిగింది, పడవ గీత గీసినట్టు నిటారైంది. నా పని ఫలించిందని నాకు గర్వం. జెట్టీ దగ్గరికి రాగానే నడిపేవాడు ఒక్కసారిగా వేగం తగ్గించాడు. అదే క్షణంలో ఆ కనిపించని మనిషి దిగిపోయాడు. పడవ కుడికి పడింది. తాడు అందుకోవడానికి నేనూ, ఇంకో హెల్పరూ ఇద్దరం కుడి పక్కకే లేచి నిలబడ్డాం. మా వెనుక మేమే లేపిన అల వచ్చి, కుంగి ఉన్న కుడి మూల మీదుగా లోపలికి దూకింది. నేను నీళ్ళలో ఉన్నాను.

ఈత రాదని ముందే చెప్పాను. ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉంది. పొద్దున దాని బకిలు వేలాడుతుంటే ఫోర్‌మన్ తిట్టి మరీ పెట్టించాడు. నీళ్ళలో నేను చేసిందేమీ లేదు, జాకెట్టే నా తల పైన ఉంచింది. జెట్టీ మీదివాళ్ళు లాగారు.

మరునాడు ఫోర్‌మన్ ఒక బ్యాటరీని ఎడమకు, ఐసు పెట్టెను మధ్యకు మార్చి, పెట్రోలు డబ్బా తీసేయించాడు. అదే పడవను రేకులు పూర్తిగా ఎత్తి నడిపించాడు. నిటారుగా పోయింది. నాతో ఒక్క మాటే అన్నాడు: "బరువు జరిపి ఉంటే నీ రేకుకు పనే లేదు."

అప్పుడు అర్థమైంది. రేకు బరువును తీసేయదు, వేగం ఉన్నంతసేపు బరువు తప్పును కనబడకుండా చేస్తుంది. అలవాటుపడ్డవాడు ఆ నిటారును నమ్మి ఇంకో మూట, ఇంకో మనిషిని ఎక్కిస్తాడు. పడవ ఆగే చోటు, అంటే జనం లేచి నిలబడే చోటు, ఒడ్డు ఒక్క అడుగు దూరంలో ఉండే చోటే అసలు పరీక్ష. చిల్లపెంకు గురించి చెప్పిన వాక్యాన్ని ఇప్పుడు మళ్ళీ చదవండి.

మన గోదావరి మీద 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి యాభై మంది దాకా చనిపోయారు. కాజీపేట దగ్గరి కడిపికొండ నుంచి వెళ్ళినవాళ్ళూ అందులో ఉన్నారు. అది పెద్ద పడవ, దానికీ ఈ రేకులకూ సంబంధం లేదు. కాని నీటి మీదికి వెళ్ళే ఎవరికైనా పనికొచ్చే మాట ఒకటే. పడవ ఎక్కకముందే జాకెట్ బకిలు పెట్టుకోండి, దిగి నేల మీద నిలబడ్డాకే తీయండి. దేశంలో నదులు, చెరువుల మీద తిరిగే పడవలకు 2021లో కొత్తగా అంతర్దేశీయ నౌకల చట్టం వచ్చింది. చట్టం ఉన్నా మీ బకిలు మీరే పెట్టుకోవాలి. ఫొటో కోసం అందరూ ఒక పక్కకు లేవకండి. "ఇంకొకరు సర్దుకోవచ్చు" అని నడిపేవాడు అంటే, మనం దిగి తర్వాతి పడవ ఎక్కవచ్చు. అందులో నామోషీ ఏమీ లేదు.

చివరిగా

ఈసారి లక్నవరమో, పాకాలో, కాళేశ్వరమో వెళ్ళినప్పుడు ఒడ్డున నిలబడి స్పీడు బోటు వెనుక భాగం చూడండి. ట్రాన్సమ్ ఏది, చైన్ ఏది, రేకులు ఉన్నాయా, లేకపోతే ముక్కు దించడానికి నడిపేవాడు మనుషులను ఎక్కడ కూర్చోబెడుతున్నాడు? అన్నీ గమనించండి. ఇదీ ఒక ఉపాధే. ఫిట్టరు, ఎలక్ట్రీషియన్, డీజిల్ మెకానిక్ చదివినవాళ్ళకు పడవల పనిలో చోటుంది. పడవ నడపడం, ప్రాణరక్షణ నేర్చుకోవాలంటే గోవాలో 1990లో ఏర్పడిన జాతీయ జలక్రీడల సంస్థ ఉంది. అన్నిటికంటే ముందు ఈత నేర్చుకోండి. నేను ముప్పై ఏళ్ళు దాటాక నేర్చుకున్నాను, మీరు అంత ఆలస్యం చేయకండి.

స్టడీ అవర్ కోసం ప్రశ్నలు

1. నీటిని తాకే పొడవు 25 అడుగులున్న పడవ ఏ వేగం దాటితే తన అలను తాను ఎక్కాలి? (జవాబు: 5 × 1.34 = 6.7 నాట్‌లు, గంటకు దాదాపు 12.4 కి.మీ.)

2. 18 కి.మీ. వేగంలో రెండు రేకుల బలం 40 కిలోలైతే, అదే వంపుతో 54 కి.మీ. వేగంలో ఎంత? (జవాబు: వేగం 3 రెట్లు, బలం 9 రెట్లు, 360 కిలోలు.)

3. పరుగెత్తే పడవ కుడికి ఒరిగి, ఎడమ ముక్కు ఎత్తుగా ఉంది. ఏ బటన్ నొక్కాలి, ఏ రేకు దిగుతుంది? (జవాబు: ఎడమ బటన్, కుడి రేకు.)

4. అదే పడవ ఆగాక కూడా కుడికే ఒరిగి ఉంది. ఇప్పుడు ఏ బటన్ నొక్కాలి?

నాలుగో ప్రశ్నకు జవాబు నేను రాయను. బటన్ పేరు రాసినవాళ్ళు పాఠం మళ్ళీ మొదటి నుంచి చదవాలి.